జువాలజీ మొదటి సెమిస్టర్: జంతు వర్గాల పేర్లు బుర్రకెక్కడం లేదు, ఏం చేయాలి?

బేజారు_బీజడ్‌సీ | గురువారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివాను. నీట్ రాశాను, సీటు రాలేదు. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) హైదరాబాద్ కాలేజీ వస్తే బీజడ్‌సీలో (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్, ఒక్క రూములో నలుగురం.

మొన్న మొదటి ఇంటర్నల్‌లో జువాలజీకి 15కి 5 వచ్చాయి. పొరిఫెరా, నిడేరియా, ప్లాటిహెల్మింథిస్, నెమటోడా, అనెలిడా, ఆర్థ్రోపొడా, మొలస్కా, ఎకైనోడెర్మేటా... రాత్రి పది సార్లు రాసినా పొద్దున లేచేసరికి సగం ఎగిరిపోతున్నాయి. నెమటోడాకు మిథ్యా శరీరకుహరం అని ఇంటర్‌లోనే చదివాను. మేడమ్ "ఎందుకు మిథ్య?" అని అడిగితే నోట మాట రాలేదు. క్లాసంతా నా వైపే చూసింది. బాటనీ, కెమిస్ట్రీ ఎలాగో నెట్టుకొస్తున్నా. దీన్ని ఎలా చదవాలో ఎవరైనా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

127కె_ప్రయాణికుడు | గురువారం, రాత్రి 10:31

అయిదొచ్చాయని ఏడుస్తున్నావా చెల్లీ, మా బ్యాచ్‌లో అయిదంటే క్లాస్ ఫస్ట్. నేను కోఠి నుంచి కొండాపూర్ దాకా బస్సులో నిలబడి బట్టీ పట్టేవాణ్ని. దిగేటప్పుడు బ్యాగు ఉండేది, వర్గాలు మాత్రం బస్సులోనే ఉండిపోయేవి.

బోడుప్పల్_ఎంఎస్సీ | గురువారం, రాత్రి 10:50

ముందు పేర్ల భయం పోవాలి. అవి నోరు తిరగని గ్రీకు, లాటిన్ ముక్కలే కానీ విడగొడితే అర్థం అందులోనే ఉంటుంది. ఆర్థ్రో అంటే కీలు, పోడ అంటే పాదం. మీ అమ్మమ్మ మోకాళ్ల నొప్పికి డాక్టర్ ఆర్థ్రైటిస్ అంటాడు చూడు, అదే ఆర్థ్రో. ఎకైనో అంటే ముల్లు, డెర్మా అంటే చర్మం. ప్లాటి అంటే చదునుగా ఉన్నది, హెల్మింథ్ అంటే పురుగు. పొరిఫెరా అంటే ఒళ్లంతా రంధ్రాలు మోసేది. నేనూ తెలుగు మీడియమే. మొదటి ఏడాది నా నోట్సులో ప్రతి పేరు కింద దాని తెలుగు అర్థం పెన్సిల్‌తో రాసుకునేవాణ్ని.

ఇంకొకటి. శాస్త్రీయ నామం రాసేటప్పుడు ప్రజాతి పేరు పెద్ద అక్షరంతో, జాతి పేరు చిన్న అక్షరంతో మొదలుపెట్టాలి, రెండు పదాల కిందా విడివిడిగా గీత గీయాలి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న గొడవే లేదు కాబట్టి మనకు ఇది అలవాటుండదు. నాకు సగం మార్కులు ఇక్కడే పోయాయి.

పాతల్యాబ్‌కోటు | శుక్రవారం, ఉదయం 6:05

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. పైన అబ్బాయి చెప్పింది మంచి మాటే. కానీ పేర్ల అర్థాలు తెలిసినంత మాత్రాన "ఎందుకు మిథ్య?" అన్నదానికి జవాబు రాదు. అక్కడికే వద్దాం.

ఇల్లు కట్టేటప్పుడు చూసి ఉంటావు. బయట గోడ, లోపల నీళ్ల పైపు. జంతువు ఒళ్లు కూడా అంతే అనుకో. బయటిది ఒంటి గోడ, లోపలిది పేగు. ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న: గోడకూ పైపుకూ మధ్య ఏముంది?

చదును పురుగుల్లో ఆ మధ్య జాగాలో సిమెంటు పోసేసినట్టు కణజాలం నిండి ఉంటుంది. ఖాళీ లేదు, కుహరం లేదు. అనెలిడాకు చెందిన వానపాములో ఖాళీ ఉంది. గోడకు లోపలివైపు ప్లాస్టరింగ్ ఉంది, పైపు పైనా ప్లాస్టరింగ్ ఉంది. ఆ ప్లాస్టరింగే మధ్యత్వచం, అంటే పిండంలోని మధ్య పొర నుంచి వచ్చేది. ఇది నిజమైన శరీరకుహరం. ఇక నెమటోడాలో ఖాళీ ఉంది, గోడకు ప్లాస్టరింగ్ ఉంది, పైపుకు మాత్రం లేదు. చూడ్డానికి కుహరమే, పని సగమే చేశారు. అందుకే మిథ్య అన్నారు.

దీనివల్ల లాభమేమిటని అడుగు. పేగుకు సొంత కండరం వచ్చేది ఆ పైపు మీది ప్లాస్టరింగ్ నుంచే. నువ్వు కుర్చీలో కదలకుండా కూర్చుని ఇది చదువుతున్నా, రాత్రి తిన్న అన్నాన్ని నీ పేగు తనంతట తాను ముందుకు నెడుతోంది. నెమటోడాకు చెందిన నులిపురుగు పేగుకు ఆ కండరం లేదు. గొంతు దగ్గరున్న కండరం పంపులా లోపలికి నెట్టాలి, ఒళ్లు మెలికలు తిరగాలి, అప్పుడే తిండి కదులుతుంది.

మేడమ్ మళ్లీ అడిగితే గోడా పైపూ బొమ్మ గీసి చూపించు.

బేజారు_బీజడ్‌సీ | శుక్రవారం, ఉదయం 7:20

సార్, రెండేళ్లు ఇంటర్‌లో చదివినా ఇది ఇలా ఎవరూ చెప్పలేదు. బొమ్మ గీశాను. మా రూమ్మేట్ బీకాం, తనకు కూడా అర్థమైంది!

సైలెంట్_రీడర్ | శుక్రవారం, ఉదయం 9:12

చెప్పడం బాగానే ఉంది సార్. కానీ పరీక్షలో బిట్లు వస్తాయి, లక్షణాలు వరసగా రాయమంటారు. గోడా పైపూ బొమ్మకు మార్కులేస్తారా? పోటీ పరీక్షలకైతే మరీ. అక్కడ బట్టీ తప్ప దారి లేదు.

పాతల్యాబ్‌కోటు | శుక్రవారం, ఉదయం 9:40

బట్టీ వద్దనలేదు నాయనా. ఎక్కాలు రాకుండా లెక్కలు చేస్తామా? బట్టీ పట్టినదాన్ని తగిలించుకోవడానికి ఒక కొక్కెం ఉండాలి అంటున్నా. వర్గాలను వరసగా చూస్తే ఒక్కోచోట ఒక్కో కొత్త ఏర్పాటు కనిపిస్తుంది. స్పంజికి, అంటే పొరిఫెరాకు, కణజాలాలు లేవు. నిడేరియాకు వచ్చాయి, కానీ రెండే పొరలు, ఒకటే నోరు. తిన్నదీ అందులోంచే, పారేసేదీ అందులోంచే. చదును పురుగుకు మూడో పొర వచ్చింది, కుడి ఎడమలు వచ్చాయి. గుండ్రటి పురుగుకు, అంటే నెమటోడాకు, రెండో ద్వారం వచ్చింది. వానపాముకు ఒళ్లు గదులు గదులుగా విడిపోయింది. ఆర్థ్రోపొడాకు కీళ్ల కాళ్లు, పైన గట్టి పెంకు. ఇది పరిణామం మెట్టు మెట్టుగా ఇలాగే ఎక్కిందని కాదు, గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే. నా పాత విద్యార్థుల్లో కొందరు దీన్ని నిచ్చెన అనుకుని వైవాలో దొరికిపోయారు.

చింతచిగురు | శుక్రవారం, మధ్యాహ్నం 1:25

నేను తొంభైల్లో బీఎస్సీ చేశాను. ఇప్పుడు నా ప్రయోగశాల వంటిల్లే. బేజారు పాపా, వీలైతే ఆదివారం పొద్దున రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్లు. కొనకపోయినా ఫరవాలేదు, చూడు. పేరు చేపల మార్కెట్టే కానీ అక్కడ రెండు వర్గాలు పక్కపక్కనే ఉంటాయి. రవ్వ, బొచ్చె, కొర్రమీను కార్డేటా, అంటే మనమూ ఉన్న వర్గం. రొయ్య, పీత ఆర్థ్రోపొడా, అంటే బొద్దింకకు చుట్టాలు. ఇది మా ఇంట్లో అన్నం తినేటప్పుడు చెప్పి తిట్లు తిన్నాను.

రవ్వా బొచ్చె ఐసు మీద చచ్చి పడి ఉంటాయి. కొర్రమీను మాత్రం జానెడు నీళ్లున్న టబ్బులో ఒకదాని మీద ఒకటి పడి కూడా బతికే ఉంటుంది. ఎందుకో తెలుసా? దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే ఏర్పాటు వేరే ఉంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా ఆపితే చేపై ఉండి కూడా నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అదే. ఎండాకాలం చెరువు బురదయ్యే ఊళ్లలో ఇలాంటిదే నిలబడుతుంది మరి.

ఇక రొయ్యలు. శుభ్రం చేసేటప్పుడు వీపు మీద గాటు పెట్టి నల్ల దారం లాగేస్తాం. అందరూ దాన్ని నరం అంటారు. నరం కాదు, పేగు. నలుపు దాని తిండిది. నరాల తాడు ఉండేది కింద, పొట్టవైపు. కాళ్లున్న వైపు పెంకు జాగ్రత్తగా ఒలిచి నడిమధ్యలో చూస్తే తెల్లటి సన్నని తాడు కనిపిస్తుంది. గుండె పైన, వీపువైపు. మనకేమో గుండె ముందు, వెన్నుపాము వెనక. మన ఒంటిని తిరగేసి పెట్టినట్టు ఉంటుంది. అకశేరుకాలకూ కార్డేటాలకూ తేడా రాయమంటే పుస్తకంలో మొదటి వాక్యం ఇదే కదా? పావుకిలో రొయ్యలు ఒలిస్తే ఇక మరిచిపోవు.

127కె_ప్రయాణికుడు | శుక్రవారం, మధ్యాహ్నం 1:40

ఆంటీ, చింతచిగురు రొయ్యల కూరలో ఇంత సిలబస్ ఉందని తెలిస్తే నేనూ ఫస్ట్ క్లాసే. నిజంగా అడుగుతున్నా, రొయ్యకు రక్తం ఉంటుందా? ఎప్పుడూ ఎర్రగా కనిపించలేదు.

బోడుప్పల్_ఎంఎస్సీ | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

ఉంటుంది. అందులో ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హిమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హిమోసయనిన్. ఆక్సిజన్ తగిలితే లేత నీలం. బొద్దింక రక్తానికైతే ఆ రంగూ లేదు, ఎందుకంటే దాని రక్తం ఆక్సిజన్ మోయదు. ఆ పని వాయునాళాలది. పక్కలకు 10 జతల శ్వాసరంధ్రాలు, రొమ్ము భాగంలో 2 జతలు, ఉదరంలో 8 జతలు. అక్కణ్నుంచి సన్నని గొట్టాలు నేరుగా కణజాలాల దాకా గాలి తీసుకుపోతాయి.

వానపాము సంగతి చూడు. నేలలో ఉండే చిన్న ప్రాణి, రక్తం మాత్రం మనలా ఎరుపు. చర్మం పీల్చిన ఆక్సిజన్‌ని ఒళ్లంతా మోయాల్సింది రక్తమే కాబట్టి దానికి హిమోగ్లోబిన్ కావాలి. కాకపోతే మనలా ఎర్ర కణాల్లో కాదు, రక్తంలోని ద్రవమైన ప్లాస్మాలోనే కరిగి ఉంటుంది. ఈ ఒక్క ముక్క బిట్‌గా ఎన్నిసార్లు చూశానో.

సైలెంట్_రీడర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:33

రొయ్య కూడా శరీరకుహరానికి ఉదాహరణగా రాయొచ్చా అయితే?

పాతల్యాబ్‌కోటు | శుక్రవారం, సాయంత్రం 4:10

రాయొచ్చు, కానీ జాగ్రత్త. ఆర్థ్రోపొడా నిజ శరీరకుహర జీవులే. అయితే రొయ్యను కోస్తే కనిపించే పెద్ద ఖాళీ ఆ కుహరం కాదు, రక్తకుహరం. రక్తం నాళాల్లో కాకుండా ఆ ఖాళీలో అవయవాలను తడుపుతూ ఉంటుంది. నిజమైన కుహరం చాలా చిన్నదైపోయి కొన్ని అవయవాల లోపలే మిగిలింది. శరీరకుహరం బొమ్మకు వానపామును తీసుకోవడమే మేలు.

బేజారు_బీజడ్‌సీ | శుక్రవారం, రాత్రి 9:05

ల్యాబ్ గురించి ఒక మాట అడగాలి. మాకు ప్రాక్టికల్స్‌లో కోయడం లేదు, చార్టులు, మోడళ్లు, కంప్యూటర్‌లో వీడియోలే. మా సీనియర్ల సీనియర్లు కప్పలు, బొద్దింకలు కోశారట. ఇప్పుడు ఎందుకు లేదు? మేం నష్టపోయినట్టేనా?

పాతల్యాబ్‌కోటు | శుక్రవారం, రాత్రి 9:48

యూజీసీ 2011లో కోయడం తగ్గించుకు రమ్మని మార్గదర్శకాలిచ్చింది, 2014లో పూర్తిగా ఆపమంది. నేను ఉద్యోగంలో ఉండగానే వచ్చింది. నా అభిప్రాయం చెప్తే కొందరికి కోపమొస్తుంది. అంతకుముందు ప్రతి ఏడాదీ వానాకాలం చివర్లో ఒకతను గోనెసంచిలో కప్పలు తెచ్చేవాడు. నలభై మంది పిల్లలకు నలభై కప్పలు. అందులో శ్రద్ధగా కోసేది ఆరుగురు. మిగతావాళ్లు పక్కవాడి పళ్లెం చూసి బొమ్మ గీసుకునేవారు. ఆ ముప్పైనాలుగు కప్పలు దేనికి చచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

బోడుప్పల్_ఎంఎస్సీ | శుక్రవారం, రాత్రి 10:02

సార్, గౌరవంతోనే విభేదిస్తున్నా. స్క్రీన్ మీద పేగు గులాబీ రంగు, నరం పసుపు రంగు. నిజం ఒంట్లో అన్నీ బూడిద రంగు గుజ్జులా ఉంటాయి. దాన్ని విడదీసే చేతి నేర్పు వీడియోతో రాదు. రేపు పరిశోధనలోకి వెళ్లేవాడు ఎక్కడ నేర్చుకోవాలి?

చింతచిగురు | శుక్రవారం, రాత్రి 10:20

అందుకే రొయ్య అన్నాను నాయనా. కూర ఎలాగూ వండుతాం.

పాతల్యాబ్‌కోటు | శుక్రవారం, రాత్రి 10:26

చేతి నేర్పు మాట నిజమే. ఒప్పుకుంటాను.

గాజుపలక_09 | శనివారం, ఉదయం 11:00

నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జువాలజీ చదివితే ఏమొస్తుంది అని ఇంట్లో అడిగితే చెప్పు, నా జీతం అక్కణ్నుంచే వస్తోంది. వానాకాలం వస్తే మాకు రోజంతా మలేరియా స్లైడ్లే.

హైదరాబాద్‌లో జువాలజీ చదువుతూ బేగంపేట వెళ్లకపోతే ఎలా? అక్కడ పాత విమానాశ్రయం దగ్గర రాస్ పేరుతో ఒక భవనం ఉంది. రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు. మలేరియా పరాన్నజీవి కోసం నెలల తరబడి దోమలు కోశాడు, ఏమీ దొరకలేదు. కోసినవన్నీ వేరే రకం దోమలు. చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికితే, 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. నాలుగో రోజు, ఆగస్టు 20న, ఒక దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. అవే మలేరియా పరాన్నజీవి కణాలు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కపోతలో పంకా లేకుండా కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని తనే రాసుకున్నాడు. మా ల్యాబ్‌లో ఏసీ పది నిమిషాలు ఆగితే మేం గోల చేస్తాం!

127కె_ప్రయాణికుడు | శనివారం, ఉదయం 11:18

అంటే దోమ నుంచి మనిషికి మలేరియా వస్తుందని మన బేగంపేటలోనే మొత్తం తేల్చేశాడన్నమాట. గర్వంగా ఉంది భయ్.

గాజుపలక_09 | శనివారం, ఉదయం 11:45

మొత్తం కాదు అన్నా. ఇక్కడ చూసింది దోమ పొట్టలో పరాన్నజీవి పెరుగుతోందని. మళ్లీ కుట్టినప్పుడు లాలాజలం ద్వారా ఇంకో ప్రాణికి చేరుతుందని తేల్చింది మరుసటి ఏడాది 1898లో, కలకత్తాలో. అదీ పిట్టల మలేరియాతో, క్యూలెక్స్ దోమతో. మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమతో చక్రం పూర్తిగా చూపింది అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం. నోబెల్ మాత్రం 1902లో రాస్‌కే వచ్చింది.

బేజారు చెల్లీ, నీ హాస్టల్ గోడ మీదే దీన్ని చదువుకోవచ్చు. గోడకు సమాంతరంగా గూని పెట్టుకుని కూర్చుంటే క్యూలెక్స్. తల దించి వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటే అనాఫిలిస్. కాళ్ల మీద తెల్ల చారలుండి పగటిపూట కుడితే ఏడిస్, డెంగీది. నీళ్లలో ఉండే డింభకాలకు (దోమ పిల్లలకు) ఇది తారుమారు: క్యూలెక్స్ డింభకం తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంది, అనాఫిలిస్‌ది నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. బొమ్మ గీసేటప్పుడు సగం మంది ఇక్కడే తప్పు చేస్తారు.

బేజారు_బీజడ్‌సీ | శనివారం, రాత్రి 8:30

అక్కా, మా బాత్రూం గోడ మీద ఉన్నవన్నీ గూని బ్యాచే.

ఇవాళ ఇంకో పని చేశాను. హాస్టల్ వంటగదిలో చచ్చిన బొద్దింక దొరికితే కాగితం మీద పెట్టి, వార్డెన్ ఆంటీ పేపర్ చదివే భూతద్దం అడిగి తెచ్చాను. మా రూమ్మేట్లు ఇద్దరు మంచాలెక్కారు. ఉదరం పక్కన చిన్న చిన్న రంధ్రాలు నిజంగానే కనిపించాయి. ఒకవైపు ఏడు లెక్కపెట్టాను, ఎనిమిదోది దొరకలేదు. చివర రెండు జడల్లాంటివి ఉన్నాయి, వాటికి గంటులు గంటులు ఉన్నాయి, సన్నని వెంట్రుకలు కూడా. వాటి మధ్య ఇంకో రెండు చిన్న సూదుల్లాంటివి. అవేంటి?

పాతల్యాబ్‌కోటు | శనివారం, రాత్రి 9:00

శభాష్! ఏడు లెక్కపెట్టి ఎనిమిదోది దొరకలేదని రాశావే, అది నాకు నచ్చింది. పుస్తకంలో ఎనిమిదుందని ఎనిమిదని రాసేవాళ్లే ఎక్కువ.

ఆ జడలు పాయువు పక్కనుండే సెర్సైలు, ఆడా మగా రెంటికీ ఉంటాయి. వాటి మీది వెంట్రుకలు గాలి కదలికను పసిగడతాయి. నువ్వు చెప్పు ఎత్తి కొట్టేలోపే అది మంచం కిందికి పోతుందంటే, చెప్పును చూసి కాదు, చెప్పు తోసిన గాలి తగిలి. మధ్యలో ఉన్న చిన్న సూదులు స్టైల్స్, మగదానికే ఉంటాయి. నీది మగ బొద్దింక.

127కె_ప్రయాణికుడు | శనివారం, రాత్రి 9:14

తల తీసేసినా వారం రోజులు బతుకుతుందంటారు. నిజమా, వాట్సాప్ జ్ఞానమా?

బోడుప్పల్_ఎంఎస్సీ | శనివారం, రాత్రి 9:37

నిజమే, రోజుల తరబడి బతుకుతుంది. పైన చెప్పినవన్నీ కలిపి చూడు, కారణం నీకే తెలుస్తుంది. ఊపిరి ముక్కుతో కాదు, ఒంటి పక్కల రంధ్రాలతో. రక్తం నాళాల్లో ఒత్తిడితో పారదు కాబట్టి మెడ తెగినా చిమ్మదు, గాయం గడ్డకట్టేస్తుంది. నరాల ముడులు ఒళ్లంతా ఉన్నాయి, కాళ్లు కదలడానికి తలే అక్కర్లేదు. చివరికి చచ్చేది నీళ్లు తాగే నోరు లేక.

చింతచిగురు | ఆదివారం, ఉదయం 8:15

ఈ తొలకరికి ఊరెళ్తే ఆరుద్ర పురుగును చూడు పాపా. ఎర్ర మఖమల్‌లా ఉంటుంది, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్లం. పురుగు అంటాం కానీ కాళ్లు లెక్కపెట్టు. ఎనిమిది. కీటకం కాదు, సాలీడు, తేలుల బంధువు.

సైలెంట్_రీడర్ | ఆదివారం, ఉదయం 10:40

బట్టీ తప్ప దారి లేదన్నవాణ్ని నేనే. అగ్గిపెట్టెలో నేనూ దాచాను, కాళ్లు మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

బేజారు_బీజడ్‌సీ | మూడు వారాల తర్వాత, బుధవారం, సాయంత్రం 6:20

రెండో ఇంటర్నల్ అయింది. 15కి 11. నాలుగు పోయాయి, ఒక శాస్త్రీయ నామం కింద రెండు పదాలకీ కలిపి ఒకే గీత గీశాను, బోడుప్పల్ అన్న చెప్పినా మరిచాను.

ప్రాక్టికల్‌లో మేడమ్ సీసాలో బొద్దింక పెట్టి వర్గం, లక్షణాలు అడిగారు. చెప్పాక "ఆడదా మగదా?" అన్నారు. సీసా తిప్పి చివర చూశాను. సూదులు లేవు, ఉదరం కింద పడవలాంటి పలక ఉంది. ఆడదని చెప్పాను. "ఎక్కడ చూశావు ఇది?" అంటే హాస్టల్ వంటగదిలో అన్నాను. మేడమ్ నవ్వి, వార్డెన్‌కి చెప్పకు అన్నారు.

ఎనిమిదో రంధ్రం ఇంకా దొరకలేదు సార్. భూతద్దం ఆంటీ వెనక్కి తీసేసుకుంది.

127కె_ప్రయాణికుడు | బుధవారం, సాయంత్రం 6:31

కంగ్రాట్స్ చెల్లీ. మా అమ్మ ఫ్రిజ్‌లో రొయ్యలు పెట్టింది. నరాల తాడు కింద అన్నారు కదా, ఎడమా కుడా, నడిమధ్యా? తొందరగా చెప్పండి, మసాలా నూరేస్తోంది.